పదకొండు మిల్లీమీటర్లు

గ్రోనింగెన్ వైపు పల్లెల్లో
నేను చేసే పనికి అందం అక్కర్లేదు.
నేల కింద గ్యాసు తోడేశారు,
పైన గోడలు నోళ్ళు తెరిచాయి.
వాటికి వాలుగా దుంగలు ఆనించి పోవడం,
అంతే నా వడ్రంగం.

అలాంటిది ఎల్ట్యే టీచరమ్మ పిలిచి
చేపల తొట్టికి బల్ల కావాలంది.
బడి కూలగొడుతున్నారట.
పిల్లల్ని పక్కూరికి బస్సెక్కించారు,
బెంచీల్ని వేలం వేశారు,
చేపల సంగతి ఏ కాగితంలోనూ లేదు.

"ఎంత తొట్టి?"
చేతులు బారచాపింది, చాల్లేదు.
కిటికీ దాకా నడిచి చూపించింది.

ఏడు వందల లీటర్లు.
గాజూ ఇసుకా రాళ్ళూ కలిపితే టన్ను దగ్గరికి.
పాడి రైతు హార్మ్ గుమ్మంలోంచే లెక్క కట్టాడు:
"ఆవున్నర.
నీ ముందుగదిలో రాత్రింబవళ్ళు నిలబడే ఉంటుంది,
పడుకోదు."

రసమట్టం నేలమీద పెట్టాను.
బుడగ పెరటివైపు జరిగి ఊరుకుంది.
బారెడు పొడవుకి పదకొండు మిల్లీమీటర్లు.
"నాకు తెలియనే లేదే," అందామె.
తెలియదు మరి.
మనుషులం వాలుకి అలవాటు పడతాం,
కాలు తనంతట తనే సర్దుకుంటుంది.
నీటికి ఆ మర్యాద లేదు.

కర్ర ఎక్కడిదని అడక్కండి.
సరే, చెబుతాను.
బడి ఉత్తరపు గోడకి నాలుగేళ్ళ కింద
నేనే ఆనించిన దుంగలు.
గోడ పోయాక గడ్డిలో పడున్నాయి.
డగ్లస్ ఫిర్, వానకి నలుపెక్కింది.
చిత్రిక పడితే లోపల
ఇంకా తేనెరంగు, ఇంకా జిగురు వాసన.
ఒకదాని మీద, పిల్లచెయ్యి అందే ఎత్తులో,
మేకుతో గీసిన పేరు: ఫెమ్మ.
ఆ జానెడు మేర చిత్రిక ఆపాను.

మరలు పట్టుకుంటాయి, మోయవు.
మోసేది కర్ర మీద కర్ర, దాని కింద కర్ర.
పదహారేళ్ళప్పుడు మా మేస్త్రీ
ఈ ఒక్క మాట చెప్పి రంపం చేతికిచ్చాడు.
ఆరు కాళ్ళు. ఏ రెండూ ఒక ఎత్తు కావు.
అడుగున పెన్సిలుతో అంకెలు వేశాను,
తారుమారైతే గాజు ముందు మూలనే విరుగుతుంది.
చూసినవాళ్ళు వంకర పని అనుకోనీ.
పైపలక మీద బుడగ
రెండు గీతల నడుమ కదలకుండా నిలిచింది.

గొట్టంతో నింపేసరికి చీకటి పడింది.
మధ్యలో బల్ల ఒక్కసారి కిర్రుమంది.
ముగ్గురం ఊపిరి బిగబట్టాం.
"సర్దుకుంటోంది," అన్నాను,
నాకు నేను చెప్పుకున్నట్టు.
బకెట్లలోంచి చేపలు దిగాయి.
ఆఖరున గాజు నాకే ముసలి చేప,
పిల్లలు హెడ్మాస్టరని పేరు పెట్టింది,
దిగీ దిగగానే రాయి వెనక్కి పోయింది.

గురువారం రాత్రి మళ్ళీ అదిరింది.
చిన్నదే. మా ఇంట్లో చెంచాలు మాత్రం మోగాయి.
తెల్లవారకుండానే వెళ్ళాను.
"నేను లేవలేదు," అంది ఎల్ట్యే,
"హెడ్మాస్టరు లేచినట్టున్నాడు,
నేలమీద దోసెడు నీళ్ళు."

మోకాళ్ళ మీద కూర్చుని చూశాను.
గాజు అంచూ నీటి గీతా
కుడి మూలలో ఒక మిల్లీమీటరు విడిపోయాయి,
కాదు, అంతకన్నా తక్కువే.
నా జేబులో పలచటి చెక్కపేడు ఉంది.
టన్ను కింద దాన్ని దూర్చలేనని
ఇంట్లో బయల్దేరినప్పుడే తెలుసు.

ఆమె కాఫీ పోసింది.
కప్పులో కూడా అదే వాలు, చూడదలిస్తే.
ఇద్దరం చూడలేదు.
చేపలు గాజు దగ్గరికి వచ్చేశాయి,
మేత డబ్బా మూత ఎక్కడో పడింది,
వెతుకుతున్నాం.