పావు రొట్టె

కొండ మీదికి ఒక పెట్టె, కొండ కిందికి ఒక పెట్టె,
ఒకే ఇనుప తాడుకి రెండు కొసలు.
పంతొమ్మిదేళ్ళుగా ఈ చెక్కగదిలో కూచుని
మీట లాగి
వాల్పరాయిసో జనాన్ని ఎక్కిస్తున్నాను, దించుతున్నాను.
నేను మాత్రం కదల్లేదు.
కదిలింది నా పొట్ట ఒక్కటే, బల్లవైపు.

ఆస్పత్రిలో నర్సు యస్నా
తూకం ముల్లు స్థిరపడేదాకా ఆగి
"దోన్ ఎలియొదోరో,
లోపలికి ఎంత పోయింది, బయట ఎంత ఖర్చయింది,
లెక్క అంతే" అంది.
పిల్లకి పాతికేళ్ళుండవు.
నాకా చెప్తున్నావు, అనుకున్నాను.
రెండు పెట్టెలూ సమానంగా నిండితే
మోటారు నిద్రలో ఉన్నట్టే తిరుగుతుంది.
ఒకవైపు తొమ్మిదిమంది, అవతల ఒక్కరూ ఎక్కినప్పుడు
దాని మూలుగు వినాలి.
రోజూ వినేదే,
నా మోకాళ్ళలో వినపడితే గుర్తుపట్టలేదు.

మా ఊరి రొట్టెకి నాలుగు పావులు.
విరుచుకోవడానికి వీలుగా బేకరీవాడే నొక్కు పెడతాడు.
సాయంత్రం టీతో రెండు రొట్టెలు,
అవకాడో మెదిపి, ఉప్పు చల్లి.
ఎర్నెస్తీనా ఎప్పుడూ లెక్కపెట్టలేదు, నేనూ పెట్టలేదు.
యస్నా చీటీ మీద రాసిచ్చింది:
పావు రొట్టె, డెబ్బై కెలోరీలు.
నా పట్టాల పక్కనే మెట్లున్నాయి, రెండువందల పన్నెండు.
ఒకసారి ఎక్కితే ముప్ఫై, మహా అయితే ముప్ఫై అయిదు.
పావు ముక్కకి రెండుసార్లా!
నవ్వొచ్చింది.
ఎక్కాక రాలేదు.

మొదటి వారం, డెబ్బయ్యో మెట్టు దగ్గర
గోడకి ఆనుకుని
సముద్రాన్ని చూస్తున్నట్టు నటించాను.
సాయంత్రం షిఫ్టు కుర్రాడు నడిపే పెట్టెలోంచి
దోన్యా క్లొరిందా చెయ్యూపింది,
ఓడలో పోతున్నదానిలా.

ఎనిమిది పావుల్లోంచి ఒకటి తీసేశాను. నెల పోయాక ఇంకోటి.
రాత్రి పదింటికి ఆకలి
అప్పులవాడిలా వచ్చి తలుపు కొట్టేది.
కొన్ని రాత్రులు తెరిచాను.
అన్న పోయిన రోజు
వాళ్ళింట్లో ఎవరేం చేతిలో పెడితే అది తిన్నాను,
ఏడుస్తూ, నములుతూ.
యస్నాతో చెప్పుకుంటే
"ఒక్కరోజుని తూచకండి, వారాన్ని తూచండి" అంది,
ఆ ఒక్కమాటే.

మిగిలిన ముక్కలు ఏం చెయ్యను?
రొట్టె పారేసే చెయ్యి కాదు మాది.
మెట్ల మొదట్లో పడుకునే గోధుమరంగు కుక్కకి
రోజూ వేస్తూ వచ్చాను.
ఏడు నెలలైంది.
నా బెల్టుకి మేకుతో పొడిచిన కొత్త చిల్లు.
కుక్కకి మెడ కనపడటం లేదు.
లెక్క ఎక్కడికీ పోదు.
తాడుకి ఈ కొస దిగిందంటే
ఆ కొస ఎక్కిందనేగా.

అందుకే ఇప్పుడు దాన్నీ వెంట పిలుస్తున్నాను.
నూటమూడో మెట్టు దగ్గర కూలబడి
నాలుక వేలాడేసి
సముద్రాన్ని చూస్తున్నట్టు నటిస్తుంది.
నేనూ ఆగుతాను.
తొందరేం లేదు,
ఇంకా నూట తొమ్మిది ఉన్నాయి.