జిగురు తాగని అతుకు

కుమ్మరికి ఏడాది, గుదియకు ఒక పెట్టు.
నాకు ఆరేళ్లు పట్టింది,
కంగారూకి అరక్షణం.

పొద్దుగూకే వేళ, పార్క్స్ ఊరి బయట గడ్డి రన్‌వే మీద
చక్రాలు నేల తాకి, హమ్మయ్య అనుకునేలోపు
గోధుమ చేలోంచి ఒక్క గెంతు.
దానికేం కాలేదు. ఆగి వెనక్కి చూసింది కూడా,
దారికడ్డం వచ్చిన పశువును నేనే అన్నట్టు.
నా ఎడమ రెక్క మాత్రం
మోచేతి దగ్గర విరిగిన చెయ్యిలా వేలాడింది.

మర్నాడు మందుల షాపులో కౌంటర్ వెనక
రక్తపోటు మాత్రలు లెక్కపెడుతూ
ఫోన్లు మొదలుపెట్టాను.

బ్యాంక్స్‌టౌన్ వాడు అడిగాడు: "ఏ కంపెనీ?"
"కంపెనీ లేదు. నేనే."
"మోడల్?"
"నక్షలు కొన్నాను. మిగతాదంతా మా గరాజ్."
కాసేపు చప్పుడు లేదు. తర్వాత మర్యాదగా
"మాకు రేకు విమానాలే తెలుసండీ" అన్నాడు.
డబ్బో ఆవిడ చెక్క అనగానే నవ్వి
ఫర్నిచర్ వాళ్ల నంబరిచ్చింది.
టామ్‌వర్త్ వాడు ఒప్పుకున్నాడు, ధరా చెప్పాడు:
ఆ డబ్బుతో ఇంకో రెండు కట్టి
ఒకటి కంగారూకి ఇవ్వొచ్చు.

తయారీదారు అన్న గడి ఖాళీగా ఉన్న దరఖాస్తులా
ప్రతి కిటికీ నుంచీ వెనక్కొచ్చింది నా విమానం.

ఆఖరికి దారి చూపింది
మోకాళ్ల లేపనం కోసం వచ్చే గ్లెనిస్.
"మా మరిది మెర్విన్ ఉన్నాడుగా,
పొలాలకు మందు కొట్టే విమానాలు బాగుచేసేవాడు.
ఇప్పుడు తేనెపెట్టెలు చేస్తున్నాడు.
మనిషి కొంచెం పులుపు."

ఫోర్బ్స్ దాటాక, బోర్డు లేని షెడ్డు.
గొర్రెల ట్రైలర్‌లో పరుపు పరిచి, రెక్కకి దుప్పటి కప్పి
అరగంట దారిని గంటన్నర నడిపాను.

మెర్విన్ విరిగిన చోటు చూడనే లేదు.
జేబులోంచి నాణెం తీసి
రెక్క పొడవునా కొట్టుకుంటూ పోయాడు,
పుచ్చకాయ బేరమాడేవాడిలా చెవి వంచి.
టక్. టక్. టక్. టక్.
డబ్.

వెనక్కొచ్చి మళ్లీ. డబ్.
విరిగిన చోటికి మూరెడు దూరం.
ఉలి దూర్చి పైచెక్క లేపాడు.
దూలానికీ పక్కటెముకకీ మధ్య
జిగురు గాజుపెంకులా నున్నగా ఉంది,
ఏ చెక్కనీ పట్టుకోకుండా.

"ఎవరు అతికించారిది?"

జూలై నెల. గరాజ్‌లో ఎముకలు కొరికే చలి.
హీటర్ పాడైంది, జిగురు బిగుసుకుపోతోంది.
పొద్దున్నే షాపులో సరుకు లెక్కలు.
ఈ ఒక్కటీ అయిపోతే పడుకుందాం అనుకున్నాను.
లాగ్ పుస్తకంలో 'బాగా అతికింది' అని రాసి
తేదీ వేసి సంతకం చేశాను.
రెక్కని మొదట విరిచిన కంగారు
గోధుమ చేలోంచి వచ్చింది కాదు.

"నేనే" అన్నాను.
బ్యాంక్స్‌టౌన్ వాడికి చెప్పిన మాటే.
గొంతు వేరు.

తిట్టలేదు మెర్విన్. తిడితే బావుండేది.
"ఎన్ని గంటలు ఎగిరావు దీంతో?"
"నూటపద్నాలుగు."
బయట యూకలిప్టస్ చెట్ల మీద గాలా చిలకల గోల.
నూటపద్నాలుగు గంటలు,
కింద లాక్లన్ నది, గొర్రెలు, రైలు పట్టాలు,
ఒకసారి పక్క సీట్లో నోరు తెరుచుకు నిద్రపోతూ
మా చెల్లెలి కొడుకు.

ఆయన బల్ల మీది తేనెపెట్టెలు పక్కకి నెట్టాడు.
"శనివారాలు బల్ల అద్దెకిస్తా. పని నీది.
నాణెం కొట్టడం నాది."
కాస్త ఆగి, "ఆ కంగారూ మళ్లీ కనబడితే..." అని
మాట అక్కడే వదిలేసి
స్టవ్ మీద టీకి నీళ్లు పెట్టాడు.

ఇది ఆరో శనివారం.
డబ్‌లు ఇంకో రెండు దొరికాయి.
షాపులో కూడా ఈమధ్య
ఎవరూ చూడనప్పుడు
అల్మారా పక్కన నాణెంతో కొట్టి
చెవి పెట్టి వింటున్నాను.