ఎడమ మూల

పదిహేడేళ్ళు నేను మనుషుల ముఖాలు చూడలేదు,
మడమలు చూశాను.
ఎడమ మూల వంగి నిలబడేవాడికి
లోకం మోకాలి దగ్గర మొదలై
ఇసకలో అయిపోతుంది.

నా పేరు తవుడు.
నాకు ముందు ఇద్దరు దక్కలేదని
మా అమ్మ నన్ను పొరుగింటికి ఇచ్చేసి
కుంచెడు తవుడు పోసి తిరిగి కొనుక్కుంది.
రైల్వే జట్టులో ఆ పేరు ఎవరికీ నోరు తిరగక
‘తావడే’ అన్నారు, మరాఠీ వాడిననుకున్నారు.
నేను దిద్దలేదు.
చేతిలో ఎవడిదో కాలుండగా
పేరు దిద్దుకునే తీరికెక్కడిది?

నెల్లిమర్ల జూట్‌మిల్లులో సైరన్ మోగితే
క్వార్టర్ల వెనక మాకు ఆట.
చంపావతి ఇసక రెండు బళ్ళు,
కింద చిరిగిన గోనెలు,
గీతలకి సున్నం.
నార ధూళి మింగిన ఛాతీలు
కూత ఎంతోసేపు పట్టలేవు.
అందుకే మా ఊళ్ళో కూతకెళ్ళేవాళ్ళు తక్కువ,
పట్టేవాళ్ళు ఎక్కువ.
రాత్రుళ్ళు మా నాన్న దగ్గు వింటూ
నేను మూల ఎంచుకున్నాను.

సాలూరు ఫైనల్లో
పార్వతీపురం గేదెల పోలినాయుడు కూతకొచ్చాడు.
అతని కూత ముక్కులో తిరిగేది,
సీసాలో పడ్డ తుమ్మెదలా.
వెనక్కి మళ్ళే ముందు ఎడమ మడమ
గింజెడంత బయటికి తిరిగేది.
ఆ గింజ కోసమే మూడు మ్యాచులు కాచుక్కూర్చున్నాను.
పట్టాను.
గీత జానెడు దూరంలో ఉంది.
పచ్చి చెరుకు విరిచిన చప్పుడు
నా చేతులకి ముందు వినిపించింది,
చెవులకి తర్వాత.

పాయింటు మాది, కప్పు మాది.
మావాళ్ళు నన్ను భుజాలమీదికి ఎత్తేశారు.
అంత ఎత్తునుంచి
మొదటిసారి అతని ముఖం చూశాను.

ఆ పట్టుకే నాకు రైల్వే ఉద్యోగం వచ్చింది.
తర్వాత ఖరగ్‌పూర్లో నా మోకాలు పోయింది.
లెక్క సరిపోయిందన్నారు కొందరు.
మోకాలికి లెక్కలేం తెలుసు?

ఇప్పుడు మిల్లుకి తాళం.
ఊళ్ళో మోగేది నా మెడలో విజిలొక్కటే.
పదకొండుమంది ఆడపిల్లలు.
మొదటి నెల నాకు పేర్లు రాలేదు,
నల్లపట్టీ, పగిలిన మడమ, ఎర్ర గోళ్ళరంగు
అని పిలిచేవాణ్ణి.
“సారూ, మా మొకాలు సూడరేటి?”
అని ఒక్కసారిగా నవ్వారు.
చూడ్డం నేర్చుకుంటున్నాను.
వంగినంత తేలిక కాదు.

మొన్న సోమవారం కొత్త పిల్లొకతె వచ్చింది.
కూతకెళ్ళి వెనక్కి మళ్ళబోతూ
ఎడమ మడమ, గింజెడంత బయటికి.
ఏ తప్పూ లేకుండా విజిల్ ఊదేశాను.
అందరూ నన్నే చూశారు.

“మీ నాయిన ఏటి సేస్తాడమ్మా?”
“కిరాణా కొట్టు సార్. నిలబడలేడు, కూకునే అమ్ముతాడు.”
“ఇక్కడికొస్తన్నట్టు తెలుసా?”
“ఆయనే బస్సెక్కించాడు.
ఆ పట్టు ఇడిపించుకోడం
పట్టినోడే నేర్పాల అన్నాడు.”

విజిలు తీసి జేబులో పెట్టుకున్నాను.
డాక్టరు వద్దన్న మోకాలిమీదే
ఎడమ మూల కూచున్నాను.
పిల్ల పేరు యామిని.
కూత ముక్కులోనే తిరుగుతోంది.

పట్టుకున్నాను.
“లాగకమ్మా. లాగితే నాకే లాబం.
బొటనేలి కాడ సందుంటాది, అటేపు తిప్పు.
బయమేస్తే ఇంకా తిప్పు.”
రెండుసార్లు పడింది.
మూడోసారి నేను సగం వదిలాను, తెలుసుకుంది.
“అలగొద్దు సార్, గట్టిగా పట్టండి” అంది.

గట్టిగా అంటే ఎంతో
ఈ చేతులకి ఒక్కటే కొలత గుర్తు.

రామతీర్థం ఆఖరి బస్సు పోతుందని
గట్టుమీద పిల్లలు గోల చేస్తున్నారు.
సున్నం గీత సగం చెరిగిపోయింది.
“మళ్ళీ రా” అన్నాను.