రెండు లేటు రోజులు

మొదటి కోర్సుల లూపులు నేర్చుకున్నరు,
ఇది రెండోది, ఇక్కడ తప్పులు నేర్చుకుంటరు
అని చెప్పి
సుద్దముక్కతోటి బోర్డు మీద నూరును ముక్కలు చేసిన.
ల్యాబుకు ముప్పై. మిడ్‌కు ఇరవై. ఆఖరి పరీక్షకు నలభై.
క్విజులకు పది, అండ్ల అన్నిటికంటె తక్కువొచ్చినదాన్ని
మీరూ మర్చిపోండి, నేనూ మర్చిపోత.
ముందు బెంచిల ఎవరో వేళ్ళు మడిచి
నూరు అయిందో లేదో చూసుకుంటున్నరు.

అసైన్‌మెంట్లు ఆరు.
ఆదివారం రాత్రి పదకొండు యాభై తొమ్మిదికి తలుపు మూసుకుంటది.
మూసేది మిషన్, నేను గాదు. బతిమాలితే దానికి ఇనబడదు.
సెమిస్టరంతా కలిపి మనిషికి రెండు లేటు రోజులు.
ఎందుకు లేటని అడగ.
జ్వరమో, పెండ్లో, హన్మకొండ చౌరస్తాల దోస్తులో.
కాపీ కొడితే సున్న,
తీసుకున్నోనికీ, ఇచ్చినోనికీ.

వెనుక నుంచి ఈసం నర్సింగరావు లేచిండు, తాడ్వాయి దిక్కు పిల్లగాడు.
"మేడం, మూడోది జాతరల పడ్డది. మా పెదనాయిన వడ్డె."
క్లాసంత నవ్వింది.
సిలబస్ రాసినోళ్ళు మాఘ పున్నమి ఎప్పుడో చూసుకోలే.
మూడోదాన్ని వారం ఎనుకకు జరిపిన.
ఎవ్వరూ ఏమనలే.
గంటల లెక్క జీతం తీసుకునేదాని నోటీసులు
పై అంతస్తుల ఎవరు చదువుతరు?

మూడోది లింక్డ్ లిస్టు.
నడుమ నుంచి ఒకదాన్ని తీసెయ్యాలె, మిగతాది తెగొద్దు.
అరవై మందిల నలభై మంది తోక పోగొట్టుకున్నరు.
గాదె క్లారా పోగొట్టుకోలే.
వాళ్ళ నాయిన కాజీపేట యార్డుల కప్లింగు పని.
కోడ్ నడుమ తెలుగుల రాసుకున్నది:
పెట్టెను ఊడదీసే ముందుగాల
దాని ఎనుక పెట్టెను చేతుల పట్టుకోవాలె.

అయినా మిషన్ ఆమెకు సున్న ఏసింది.
పది పరీక్షలకు పది ఎర్రగీతలు.
గంటసేపు చూసిన. లైను చివర ఒక ఖాళీ,
కంటికి ఆనని ఒక్క స్పేసు.
సరిగ్గ అదే జాగల, అదే ఖాళీ
ఇంకొక్కరి దగ్గరనే ఉన్నది.
మంగళవారం రాత్రి పదకొండు యాభై ఎనిమిదికి
రెండు లేటు రోజులూ ఖర్చుపెట్టి పంపినోడు, నర్సింగరావు.

పిలిచిన. ఇద్దర్నీ బోర్డుకు చెరొక దిక్కు నిలబెట్టిన.
ఇద్దరూ రాసిన్రు, చెరొక తీరుగ.
"కోడ్ ఇయ్యలే మేడం, పెట్టెల ముచ్చట చెప్పిన,"
అన్నది క్లారా, సుద్ద దులుపుకుంట.
"మరి ఈ ఖాళీ?"
వాడు నోట్‌బుక్ తీసిండు, ఎర్రమట్టి అంటిన అట్ట.
"ప్రింటు లైను మీరే రాసిండ్రు మేడం, తొలి క్లాసుల.
మీరెట్ల రాస్తే అట్లనే రాసుకున్నం."

నా పాత కాయితం తీసి చూసిన.
ఆ ఖాళీ నాదే.
మిగతోళ్ళు బోర్డును నమ్మలే, ఫోన్లను నమ్మిన్రు,
బతికిపోయిన్రు.

మార్కుల పట్టీల పంతులు తప్పుకు గడి లేదు.
పట్టీ సోమవారమే తాళం పడ్డది.
తాళం తీపియ్యనీకి ఒక దరఖాస్తు, రెండు సంతకాలు,
"ఇంత లేటెందుకైంది?" అని ఒక ప్రశ్న.
నేనెవ్వర్నీ అడగొద్దనుకున్న ప్రశ్న.

రాత్రి ల్యాబుల ఒక్కదాన్నే కూసోని
ఇద్దరి మార్కులు దిద్దుతున్న.
నర్సింగరావు పెట్టిపోయిన జాతర బంగారం,
పేపర్ల చుట్టిన బెల్లం ముక్క,
ఎప్పుడు పగిలిందో ఏమో
కీబోర్డు మీదికి చీమలు వరుస కట్టినయి,
స్పేస్ బార్ పొడుగునా.
నడుమ నుంచి ఒకదాన్ని వేలితో తీసిన.
ఎనుకది ఆగింది, అటిటు తిరిగింది,
మెల్లగ ముందుదాన్ని దొరకబట్టుకున్నది.