నాలుగో రాయి

వరికుంటపాడు దాటాక బీడు.
కాగితంలో: సాగుకు పనికిరాదు.
నా పని గొలుసు పట్టడం, రాయి పాతడం.

మూడు పాతేశాం.
చెంగలి గడ్డి ఎండి పసుపెక్కింది,
ఇంకేదో ములుకుల గడ్డి
నా ప్యాంటు నిండా విత్తనాలు నాటుకుంది.
కాలి కిందనించి పూరేళ్లు బర్రున లేచి
పది బారల అవతల మళ్లీ గడ్డి అయిపోయాయి.
బలుసు పొద నీడలో ఉడుము
మా లెక్క సరిచూస్తున్నట్టు తలెత్తింది.

నాలుగోదానికి గడ్డపార ఎత్తాను.
"అబయా, ఆడొద్దు!"
జోడిపి గొర్రెల్ని అదిలించుకుంటా పెంచలమ్మ.
"ఏముందక్కడ? గులకరాళ్లేగా."
"మళ్లీ చూడు."

చూశాను. గులకరాళ్లే.
వంగి చూశాను.
నాలుగు గులకరాళ్లు
మొనలన్నీ లోపలికి తిప్పుకుని
ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి.

నెత్తిమీద తీతువు
ఎంతసేపటి నించి గొంతు చించుకుంటోందో,
నాకు అప్పుడు వినపడింది.
చిన్నప్పుడు ఆ కూతకి
అమ్మ నా చెవులు మూసేది,
చెడ్డ కబురు తెస్తుందని.
ఈసారి చెడ్డ కబురు
నా చేతిలో ఉంది, పదిహేను కిలోల ఇనుము.

సర్వేయరు గారు గొడుగు కింద ఫోనులో ఉన్నారు.
గొలుసు కొంచెం గుంజి
రెండు బారలు పక్కన పాతాను.

పటంలో ఇప్పుడొక మూల వంకర.
ఆఫీసులో అడిగారు.
నేల ఎగుడుదిగుడన్నాను.

తొలి వానకి ఆ దారిన పోతుంటే
రాయి మొదట్లో ఆరుద్ర పురుగొకటి
ఎర్రగా, తీరిగ్గా నడుస్తోంది.
పెంచలమ్మ పల్ల గొర్రె
ప్రభుత్వం వారి రాయికి
వీపు గోక్కుంటోంది.