వయసు నిర్ధారణ

పళ్ళు చూసి వయసు చెప్పడం నా ఉద్యోగం.
కింది దవడ పట్టి, నాలుక పక్కకి లాగి,
ఎన్ని రాలాయో, ఎన్ని అరిగాయో చూసి
బీమా కాగితం మీద ఒక అంకె వేస్తాను.
ఇరవై రెండేళ్ళలో
ఏ గొడ్డూ నాతో అబద్ధమాడలేదు.

కనిగిరికి పడమరగా, చిల్లకంపల అవతల
మాలకొండయ్య దొడ్డిలో మొదటిసారి తప్పాను.
"పదిహేను" అన్నాను.
"తొమ్మిదే సార్.
మా జాహ్నవి పుట్టిన వారానికి పుట్టిందిది.
ఇద్దరూ ఒకే పొదుగు పాలు తాగారు."

మళ్ళీ నోరు తెరిపించాను.
మజ్జిగలో తుప్పు కలిసినట్టు
పంటి మీద గోధుమరంగు చారలు.
నా తప్పుకి జాహ్నవి నవ్వింది,
నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని.
పేరు నీళ్ళదే.
"చెయ్యి తియ్యమ్మా" అనకుండా ఉండాల్సింది.
అన్నాను.
ఆ చారలు అప్పుడే చూసి ఉన్నాను.

వాళ్ళ బడి గ్రూప్ ఫోటో గోడకుంది.
నలభై మంది పిల్లలు,
నలభై మూసిన పెదాలు.
ఫోటోగ్రాఫరు నవ్వమని చెప్పే ఉంటాడు.

నా రిజిస్టరులో పిల్లలకు గడి లేదు.
డాక్టర్ నస్రీన్ రిజిస్టరులో బర్రెలకు లేదు.
"మాలకొండయ్యా? మోకాళ్ళని వచ్చాడు, మాత్రలిచ్చాను.
బర్రె కూడా కుంటుతోందని నాకెవరు చెప్తారు?"
కాసేపాగి తనే అంది:
"నేనూ అడగలేదు."

భూగర్భజలాల తిరుపాలు మూడోవాడు.
టీ కొట్టు బల్ల మీద వేలితో బోరు గీశాడు.
"పైనీళ్ళు అయిపోయాక అడుగుకి పోయాం సార్.
ఎంత లోతైతే అంత పాత నీళ్ళు.
అంతకాలం రాతిని నాకిన నీళ్ళు,
ఆవు దూడను నాకినట్టు."

తెల్లారుజామున బర్రె వెనక
డబ్బా పట్టుకుని నిలబడ్డాం,
కుచ్చిళ్ళు ఎగదోపుకుని డాక్టరమ్మ కూడా.
అది మమ్మల్ని గంటన్నర నిలబెట్టింది.
తర్వాత బల్ల మీద మూడు సీసాలు:
బోరుది, పాపది, బర్రెది.
"ఆ మూడోది మాత్రం కింద పెట్టండయ్యా" అన్నాడు
గ్లాసులు కడుగుతూ ఖాజావలి.
కడుగుతున్నది ఆ బోరు నీళ్ళతోనే.

మూడు ప్రయోగశాలల నుంచి మూడు కాగితాలొచ్చాయి.
మూడు శాఖల ముద్రలు, మూడు రకాల సంతకాలు,
లోపల ఒకే మాట: ఫ్లోరైడ్.

ఒక్క పెంచలమ్మ మేకల పళ్ళే
ఒలిచిన వెల్లుల్లి రెబ్బల్లా ఉన్నాయి.
"ఏం తాగుతాయి?"
"పాత క్వారీ గుంతలో వాన నీళ్ళు."
"బోరు నీళ్ళు మంచివి కావని తెలిసేనా?"
"నాకేం తెలుసు నాయనా,
మేత అటుందని అటు తోలతా."

గుంత చుట్టూ తిరిగాం.
తిరుపాలు పరీక్షించి ఎగిరి గంతేశాడు.
నేను రాతికి అంటిన నత్తలు చూశాను,
ఏ మేక కాలేయంలో ఏ పురుగుందో అనుకున్నాను.
డాక్టరమ్మ తూటికాడల కింద దోమపిల్లల్ని చూసింది.
తాగే దారి దొరికిందనుకున్న చోటే
ముగ్గురం మూడు వైపులకి తిరిగి నిలబడ్డాం.
కానీ ఈసారి
ఒకరు చూసింది ఇంకొకరికి చెప్పాం.

బడి కప్పు మీద పడే వాన పట్టడానికి తొట్టి,
దాని పక్కనే పశువులకింకొకటి:
అంచనా రాసి పంపాం.
"రెండో తొట్టి ఏ పద్దు కింద?" అని
తిరిగొచ్చింది.
మళ్ళీ పంపాం. ఇంకా అక్కడే ఉంది.
మాలకొండయ్య బోరు నీళ్ళే తోడుతున్నాడు.
చెప్పాం కదా అంటే
"దప్పిక ఆగదు కదా సార్" అన్నాడు.

బీమా కాగితం మాత్రం నా చేతిలో పని.
వయసు: తొమ్మిది.
ఆధారం అన్న చోట
పళ్ళు అని రాసి, కొట్టేసి,
యజమాని మనవరాలి జనన ధ్రువపత్రం
అని రాశాను.
చెల్లదని ఎర్ర సిరాతో వెనక్కొచ్చింది.

పాపకు చూపిస్తే నవ్వింది.
చెయ్యి సగం దాకా లేచి
ఆగింది.