అంగీ అంచు

రాజాంలో జనుము మిల్లు సైరన్ మోగే వేళకి
గౌసు మిషను మీద పరిచాను
సెమినరీ నుంచి వచ్చిన తెల్ల అంగీ.

మొదట కుట్టించుకున్నది
తాడిచెట్టంత మనిషి, మా సీనియర్ గెర్షోము.
తర్వాత నేను.
తర్వాత బొబ్బిలి సత్యదాసు, ఆపై కురుపాం యోబు.
లోపలి అంచు తిప్పితే మడత గీతలు,
ఏ గీత దగ్గర ఎవరి చీలమండో చెప్పగలను.

రెండో గీత మీద చింతపులుసు మరక నాదే.
పాదిరి అభిషేకం నాటి భోజనాల్లో
నా మెస్సు బాకీ కట్టింది గెర్షోమని
ఎవరో నోరు జారారు,
చేతిలో గిన్నె ఒలికింది.

ఈసారి సీతంపేట కొండ మీంచి
సవర ఎలియాజరు.
చెప్పులు బయటే వదిలి
బొటనవేలు నేలకి రాస్తున్నాడు.
పాత విద్యార్థులం చందాలేసుకుని
ఫీజు కట్టిన సంగతి
ఇంకా తెలీదతనికి.

"జానెడు ఎక్కువుంది బాబూ, కత్తిరించీమంటారా?"

"వద్దు గౌసూ. లోపలికి మడిసి కుట్టు."

"బరువౌతాది."

"అవనీ.
రేపొచ్చీవోడు ఎంత పొడుగో
మనకేటి తెలుసు?"